మా అమ్మకు బంగారు పన్ను లేదు

మా తమ్ముడు గౌదెన్సియో ప్రతి ఏడూ అక్టోబరు ముప్పయ్యో తారీకున శ్మశానంలో కూర్చుని ఒక పుర్రెను ముద్దు పెట్టుకుని ఏడుస్తాడు. కెమెరా ఉంటే రెండుసార్లు పెట్టుకుంటాడు. "అమ్మా, నీ నవ్వు చూడు, ఇప్పటికీ ఎంత చక్కగా ఉందో" అంటాడు. ఆ నవ్వులో పై వరస ముందు పన్ను బంగారంది. ఎండ పడితే తళుక్కుమంటుంది.

మా అమ్మకు బంగారు పన్ను లేదు. ఆ మాటకొస్తే ఏ పన్నూ లేదు. అరవయ్యేళ్ళకే ఆవిడ నోరు బోసిపోయింది. మా ఊళ్ళో మంచాలుండవు, వల ఊయలల్లోనే పడుకుంటాం; చివరి పదకొండేళ్ళు ఆ ఊయలలోంచి లేవలేదు. మొక్కజొన్న రొట్టెను జావలో నానబెట్టి, వేళ్ళతో మెత్తగా మెదిపి ఆ బోసినోట్లో పెట్టినదాన్ని నేను. ఆ నోట్లో ఏముందో ఏం లేదో ఈ ఊళ్ళో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. గౌదెన్సియో ముద్దు పెట్టుకుని ఏడ్చేది ఐసు అమ్ముకునే నబోర్ ఉక్ పుర్రెను.

ఈ సంగతి నాకు నాలుగేళ్ళుగా తెలుసు. ఒక్కరికీ చెప్పలేదు.

మా ఊళ్ళో పోయినవాళ్ళను మూడేళ్ళే మట్టిలో ఉంచుతాం. ఆ తర్వాత పైకి తీసి, ఎముకలు తుడిచి, చెక్కపెట్టెలో పేర్చి శ్మశానంలో గోడగూట్లో పెడతాం. నవంబరు మొదట్లో వచ్చే పోయినవాళ్ళ పండగకు ముందు ఏడాదికోసారి ఆ పెట్టె దించి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, పాతబట్ట తీసేసి, పేరు కుట్టిన కొత్తబట్ట పరుస్తాం. పాదాల నుంచి మొదలుపెట్టి తల చివర తుడవాలి. తల అన్నిటికంటే పైన, ముఖం బయటికి ఉండాలి. పెట్టెకు మూత వెయ్యం, వాళ్ళు వచ్చేపోయేవాళ్ళను చూసుకోవాలి కదా. బయటూళ్ళవాళ్ళు ఇది విని ముఖం చిట్లిస్తారు. ఏడాదికోసారి రాతిపలక మీద పూలగుత్తి పడేసి కారెక్కి పోయేవాళ్ళు మాకు నేర్పేదేముంటుంది?

ఊళ్ళో సగం పెట్టెల్లో పరిచే బట్టలు నా చేత్తో కుట్టినవే. అదే నా బతుకుతెరువు. నా పేరు ఇలారియా, నాకు అరవై ఒకటి. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోవడానికి తీరిక ఎక్కడిది, అమ్మ ఊయల ఊపడానికే సరిపోయింది. గౌదెన్సియో నాకంటే ఆరేళ్ళు చిన్న. మార్కెట్ వీధిలో అతనికి పెద్ద బేకరీ ఉంది. మూడు చక్రాల బండి మీద మైకు పెట్టి ఊరంతా బ్రెడ్డు అమ్మిస్తాడు. ఆ మైకులో వినిపించే గొంతు కూడా అతనిదే. మా ఇంటికీ అతని ఇంటికీ మధ్య నాలుగు వీధులు. పదకొండేళ్ళలో ఆ నాలుగు వీధులు దాటి అతను మా గుమ్మంలోకి వచ్చింది ఏడుసార్లు. అమ్మ ఊయలలోంచి ఎవరిని పిలుస్తూ ఉండేదో అది వేరే సంగతి. నా పేరైతే కాదు.

అమ్మ పోయిన వారంలోనే ఐసు నబోర్ కూడా పోయాడు. అతనిది ఏ ఊరో ఎవరికీ తెలీదు. బండి తోసుకుంటూ వచ్చి, ఇక్కడే ఉండిపోయి, ఇక్కడే చచ్చిపోయాడు. ఇద్దరినీ పక్కపక్కనే పాతిపెట్టారు. మూడు వానాకాలాలకు రెండు శిలువల మీదా రంగు కొట్టుకుపోయింది. పేర్లు పోయాయి. నాకైతే పేరు అక్కర్లేదు, అమ్మ కుడిపక్కనుందని తెలుసు.

పైకి తీసే రోజు పదింటికి రమ్మని గౌదెన్సియోకు కబురు పెట్టాను. నేను వడ్రంగి దగ్గరికి వెళ్ళి పెట్టె తీసుకుని, రాత్రంతా కూర్చుని పూర్తి చేసిన బట్ట సంచిలో పెట్టుకుని వెళ్ళేసరికి అంతా అయిపోయింది. మా తమ్ముడుగారు ఎనిమిదింటికే వచ్చారు. శ్మశానం కమిటీకి పోటీ చేస్తున్నారు కదా, పత్రికవాణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చారు. "మా అమ్మ ఇక్కడే ఉంది, నా గుండె చెబుతోంది" అని ఎడమపక్క శిలువను చూపించారట. కాటికాపరి ఇసౌరో బాబాయి పార పట్టుకుని, "ఇలారియా వచ్చాక తవ్వుదాం బాబూ" అన్నాడట. "నా తల్లిని నేను గుర్తుపట్టలేనా?" అని గుండె మీద కొట్టుకున్నారట.

నేను వెళ్ళేటప్పటికి గౌదెన్సియో పుర్రెను రెండు చేతుల్లో పెట్టుకుని ఫోటోకు నిలబడి ఉన్నాడు. బంగారు పన్ను తళతళలాడుతోంది.

"అక్కా, అమ్మకి బంగారు పన్ను ఎప్పుడు కట్టించావు?" అన్నాడు.

చెప్పొద్దూ, నవ్వొచ్చింది. వెనకాలే కడుపు మండింది. ఆ రెండింటి మధ్యా నా నోటికి వచ్చింది ఒకటే మాట.

"నువ్వు రాని రోజుల్లో" అన్నాను.

అంతే, దానితో సరిపెట్టుకున్నాడు. రెండో ఏటికల్లా ఆ పన్ను తానే కట్టించానని చెప్పడం మొదలుపెట్టాడు. కాంపెచే నగరం నుంచి డాక్టరును పిలిపించాడట, అమ్మ మొదట వద్దందట, తర్వాత అద్దంలో చూసుకుని మురిసిపోయిందట. ఊరు నమ్మింది. బేకరీ ఉన్న ఇల్లు కదా, బంగారు పన్ను ఉండే ఉంటుందని అనుకున్నారు. నబోర్ ఆ పన్ను బయటపెట్టి ముప్పయ్యేళ్ళు వీధి వీధీ తిరిగాడు. ఐసు కోసం ఎగబడినవాళ్ళే అందరూ. ఐసువాడి ముఖంలోకి చూసినవాడు ఒక్కడుంటే ఒట్టు.

ఆ వారం తిరక్కుండానే ఇసౌరో బాబాయి చేత కుడిపక్క గుంట తవ్వించాను. "పాపం, నబోర్‌కి ఎవరూ లేరు, పుణ్యం ఉంటుంది" అన్నాను. పుర్రె బయటపడింది. బోసినోరు. బాబాయి దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు.

"కింద పడుకున్నవాళ్ళు నాకేమీ చెప్పరమ్మా. నేనూ ఎవరికీ ఏమీ చెప్పను" అన్నాడు.

అమ్మను పెట్టెలో పేర్చి, నబోర్ ఉక్ అని కుట్టిన బట్ట పరిచి, మూడో వరస చివర గూట్లో పెట్టాను. అప్పట్నుంచీ ఏడాదికోసారి పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందే వెళ్ళి తుడుస్తాను. "అమ్మా, బట్ట మార్చడానికి వచ్చానే" అని చెవి దగ్గర చిన్నగా చెబుతాను. ఆ తర్వాత గౌదెన్సియో పెట్టె దగ్గరికి వెళ్ళి, అతని భార్య లిగియా పక్కన నిలబడి, నబోర్ నవ్వును నలుగురితో పాటు చూసి వస్తాను. దిక్కులేని ఆత్మకు సేవ చేస్తున్నానని ఊరు నన్ను మెచ్చుకుంటుంది. ఫాదరు ఒకసారి ప్రసంగంలో కూడా నా పేరు చెప్పాడు. వీళ్ళ మెప్పు ఎవడిక్కావాలి? అమ్మ నా దగ్గరుంది. గౌదెన్సియో దగ్గర ఐసువాడున్నాడు. ఎవరికి తగ్గది వాళ్ళకు దక్కిందని నాలుగేళ్ళు సుఖంగానే ఉన్నాను.

ఈ ఏడు సెప్టెంబరులో శ్మశానం గేటుకు ఒక కాగితం అంటించారు. మూడో వరస గోడ కూలగొట్టి టైల్స్‌తో కొత్త గూళ్ళు కడతారట. బంధువులున్నవాళ్ళు వచ్చి సంతకం పెట్టి తమ పెట్టెలను వేరే వరసకు మార్చుకోవాలట. దిక్కులేని పెట్టెలన్నిటినీ పండగ అయిన మర్నాడు, నవంబరు మూడున, ఉమ్మడి గుంటలో కలిపేస్తారట. కింద కమిటీ అధ్యక్షుడి సంతకం. గౌదెన్సియో చి పెచ్. అక్షరాల చివర పెద్ద మెలిక.

అదే గేటు దగ్గర నిలబడిపోయాను. వీడు తన కన్నతల్లిని గుంటలో పారబొయ్యడానికి తన చేత్తోనే సంతకం పెట్టాడు. అదీ ఇంత పెద్ద మెలిక తిప్పి.

మర్నాడు బేకరీకి వెళ్ళాను. గౌదెన్సియో గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. లిగియా ట్రేలో బ్రెడ్లు సర్దుతోంది.

"ఏంటక్కా, పొద్దున్నే ఇలా వచ్చావు?"

"దిక్కులేని పెట్టెలంటే ఏంట్రా? నబోర్‌కి నేను లేనా?"

"నువ్వు ఆయనకి ఏమవుతావు?"

"ఏమీ కాను. నాలుగేళ్ళుగా తుడుస్తున్నాను."

"తుడిచినంత మాత్రాన చుట్టమైపోతే ఇసౌరో బాబాయికి ఊరంతా చుట్టాలే" అని నవ్వాడు. తన మాటకు తనే ముందు నవ్వుకోవడం వీడికి చిన్నప్పట్నుంచీ ఉంది. "రూలంటే రూలే అక్కా. రక్తమన్నా పంచుకునుండాలి, ఊయలన్నా పంచుకునుండాలి. సొంత అక్కని వదిలేశానంటే రేపు ప్రతివాడూ దారిన పోయే పుర్రెనల్లా మాదేనంటాడు."

"ఒక్క గూడు ఇస్తే నీ సొమ్మేం పోయింది?"

"పోయేది నా పరువు. టీవీవాళ్ళు వస్తున్నారు ఈసారి, తెలుసా? రాజధాని నుంచి. అమ్మని గేటు పక్కనే, కొత్త టైల్స్ గూట్లో మొట్టమొదట పెడుతున్నాం. నీ ఐసువాణ్ణి కూడా పక్కనే కూర్చోబెట్టమంటావా?"

లిగియా ట్రే వెనకనుంచి కిసుక్కుమంది. "వదినకి ఆయన మీద ఎందుకో ఇంత ప్రేమ. ఐసు బండి గంట వినపడితే చాలు, వదిన గుమ్మంలో ఉండేదని మా పిన్ని చెప్పేది."

"మీ పిన్నికి పనేముంది, గుమ్మాలు లెక్కపెట్టడమేగా" అన్నాను.

గంట మోగితే గుమ్మంలోకి వెళ్ళేదాన్ని, అవును. అమ్మకు ఒళ్ళు కాలిపోతుంటే ఐసుముక్క గుడ్డలో కట్టి నుదుటి మీద పెట్టడానికి. దాన్ని కూడా ఇన్నేళ్ళు దాచిపెట్టుకుని ఈ రోజు బయటికి తీసిందీ మహాతల్లి. బ్రెడ్డు కొనకుండానే వచ్చేశాను.

నిజం చెప్పేస్తే అమ్మ బతికిపోతుంది, గుంట తప్పుతుంది. కానీ వెళ్ళేది గౌదెన్సియో చేతుల్లోకి. ఈసారి బంగారు పన్ను పోయి బోసినోరు టీవీలో పడుతుంది. "అమ్మ దొరికింది" అని ఇంకో కార్యక్రమం. ఆ ఏడుపు నేను చూడలేను. నబోర్ ఎటూ గుంటలోకే పోతాడు. పోనీ పెట్టె ఇంటికి తెచ్చుకుందామా అంటే, ఎముకలు ఇంట్లో ఉంచుకోవడం మాలో లేదు. పోయినవాళ్ళు పోయినవాళ్ళ మధ్య ఉండాలి. నెల రోజులు సూది పట్టుకుని కూర్చున్నాను, ఊళ్ళోవాళ్ళ పెట్టెల బట్టలన్నీ కుట్టాను, దారి కనపడలేదు. చివరికి దారి చూపించింది లిగియానే.

ముప్పయ్యో తారీకు పొద్దున తొమ్మిదింటికి శ్మశానం తిరునాళ్ళలా ఉంది. ఎక్కడ చూసినా బంతిపూలు, సాంబ్రాణి పొగ, గోడల వెంట బ్రష్షులు పట్టుకుని కూర్చున్న కుటుంబాలు. చేతనైనవాళ్ళు గుట్టుగా తమ పని తాము చేసుకుంటున్నారు. గేటు దగ్గర మాత్రం గౌదెన్సియో తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, జుట్టుకు నూనె పట్టించి, టీవీ అమ్మాయి పట్టుకున్న మైకులో మాట్లాడుతున్నాడు.

"మా ఊళ్ళో పోయినవాళ్ళని మర్చిపోవడం అనేది లేదండీ. చివరి నిమిషం దాకా అమ్మ చెయ్యి నా చేతిలోనే ఉంది."

చివరి నిమిషంలో అమ్మ చెయ్యి నా చేతిలో ఉంది. అది చల్లబడ్డాక, శవపేటిక కూడా వచ్చాక, కొత్త బూట్లేసుకుని వచ్చాడు వీడు.

పుర్రెను ఎత్తాడు. ముద్దు పెట్టాడు. టీవీ అమ్మాయి వెలుతురు చాలలేదంటే మళ్ళీ పెట్టాడు. అప్పుడు నేను జనాన్ని తోసుకుంటూ వెళ్ళి కమిటీవాళ్ళ బల్ల ముందు నిలబడ్డాను.

"నబోర్ ఉక్ పెట్టెకి సంతకం పెట్టాలి. కాగితం ఇవ్వండి."

"అక్కా, ఇప్పుడా?" గౌదెన్సియో పళ్ళ మధ్యనుంచి అన్నాడు. "చెప్పాను కదా. నువ్వు ఆయనకి ఏమీ కావు."

"భార్యని" అన్నాను.

టీవీ అమ్మాయి మైకును గౌదెన్సియో నోటి దగ్గరనుంచి లాగి నా దగ్గర పెట్టింది. ఏది అమ్ముడుపోతుందో ఆ పిల్లకు బాగా తెలుసు.

"ఏం కూస్తున్నావే!" అన్నాడు తమ్ముడు.

"ఊయల పంచుకుంటే చాలన్నావుగా. పద్దెనిమిదేళ్ళు పంచుకున్నాం."

"ఎప్పుడు? ఎక్కడ? అమ్మ పక్కన పెట్టుకునా?"

"మధ్యాహ్నం ఐసుబండి మా వీధిలో అంతసేపు ఎందుకు ఆగేదనుకున్నావు? నువ్వొచ్చి ఉంటే నీకూ తెలిసేది."

జనం గొల్లుమన్నారు. లిగియా వాళ్ళ పిన్ని వెనకనుంచి, "నేనెప్పుడో అనుకున్నాను! గంట వినపడితే చాలు, గుమ్మంలో ఉండేది!" అని కేక పెట్టింది. ఇంకొకామె నబోర్ తెల్లవారుజామున మా పెరటి గోడ దూకడం తన కళ్ళతో చూశానంది. అతనికి మోకాళ్ళ నొప్పులు, గడప దాటడానికే మూలిగేవాడు. మూడో ఆమె, మేం పట్నంలో రహస్యంగా పెళ్ళి చేసుకున్నామని తేల్చేసింది. నేను ఒక్క మాట అబద్ధమాడితే ఊరు మిగతా కాపురమంతా అల్లిపెట్టింది. పదకొండేళ్ళు అమ్మకు గిన్నెడు జావ ఇవ్వడానికి వీళ్ళలో ఒక్కరికి కాలు కదల్లేదు. ఇప్పుడు సాక్ష్యం చెప్పడానికి మాత్రం వరస కట్టారు.

గౌదెన్సియో ముఖం కందిపోయింది. "ఇసౌరో బాబాయ్! నువ్వు చెప్పు. ఇది నిజమేనా?"

ఇసౌరో బాబాయి టోపీ తీశాడు. తొందరపడకుండా నా వంక చూశాడు.

"ఆ పెట్టెలో ఉన్నవాళ్ళకి ఇలారియా సొంతమనిషే బాబూ. అది మాత్రం ఎక్కడ ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను."

టీవీ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఇంత అందమైన రహస్య ప్రేమ తను వినలేదట. కెమెరా గౌదెన్సియో వైపు తిరిగింది, అధ్యక్షుడు ఏం చేస్తాడోనని. కెమెరా తిరిగితే వీడు కాదనగలడా? ఏడుపు నవ్వు ఒకటి ముఖానికి తగిలించుకుని, "చట్టం ముందు అందరూ సమానమే" అని సంతకం పెట్టాడు. మెలిక కూడా మర్చిపోలేదు. కాగితం నా చేతిలో పెడుతూ చెవి దగ్గర, "మొత్తం వంశం పరువు తీశావే" అన్నాడు. కాగితం మడిచి రవికెలో పెట్టుకున్నాను. గెలిచాను. ఈ ఊళ్ళో ఇక నన్ను ఎవరూ మెచ్చుకోరు. పీడ వదిలింది.

ఒంటిగంటకల్లా జనం పల్చబడ్డారు. అందరిళ్ళల్లోనూ పండగ వంట, దానికి పెరట్లో గుంటలు తవ్వి నిప్పులు వేసుకోవాలి. టీవీ వాళ్ళు కూడా వెళ్ళిపోయారు. నేను మూడో వరసలోంచి అమ్మ పెట్టె దించుకుని, ఆరో వరసలో ఇచ్చిన కొత్త గూటికి మోసుకెళ్తున్నాను. దారిలో, గేటు పక్కన, గౌదెన్సియో ఒక్కడే బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో నబోర్ పుర్రె. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. లిగియా ఇంటికి వెళ్ళిపోయింది. చూసేవాళ్ళెవరూ లేరు. అయినా ఏడుస్తున్నాడు. అది నేను అనుకోలేదు.

చప్పుడు చెయ్యకుండా దాటి పోదామనుకున్నాను.

"అక్కా" అన్నాడు తల ఎత్తకుండా. "ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్తావా?"

"అడుగు."

"చివర్లో అమ్మ నన్ను అడిగిందా?"

అబద్ధం నాలుక చివరే ఉంది. పొద్దున అంత పెద్దది ఆడినదాన్ని, ఇంకోటి ఎంత? కానీ పెట్టె నా చేతుల్లో ఉంది. ఆవిడ వింటోంది.

"అడిగింది" అన్నాను.

"ఎప్పుడు?"

"రోజూ. జావ పడుతుంటే నా ముఖంలోకి చూసి, 'గౌదెన్సియో, వచ్చావా' అనేది. నేను ఇలారియానే అంటే ముఖం తిప్పుకునేది. పోయే రోజు కూడా అంతే."

ఇన్నేళ్ళూ గొంతులో అడ్డం పడిన ముల్లు అది. చెప్పేశాను. చెప్పాక తేలికవుతుందనుకున్నాను, కాలేదు.

వాడు ఒళ్ళో పుర్రె మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదక్కా? నేను వచ్చిన చివరిసారి గుమ్మంలో నిలబెట్టి, అమ్మకి ఎవరూ గుర్తులేరు, నువ్వు కూడా గుర్తులేవు అన్నావు. గుర్తులేని మనిషి ముందుకి ఏ ముఖం పెట్టుకుని వస్తాను? ఆ మాట విన్నాక ఆ వీధిలోకి రావాలంటేనే భయమేసేది."

నా దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. నాలుగు వీధులే కదరా, కాళ్ళు లేవా అని. ఆ రోజు అది నోట్లోంచి రాలేదు. ఎందుకంటే ఆ మాట నేను అన్నాను. లోపల అమ్మ "ఎవరే, గౌదెన్సియోనా?" అని అడుగుతుంటే తలుపు ఓరగా వేసి మరీ అన్నాను. మోసేది నేను, పిలిచేది వాణ్ణి. ఆ మంటలో అన్నాను. అన్నందుకు ఆ రోజు సంతోషించాను కూడా. ఇన్నేళ్ళూ వీణ్ణి అసహ్యించుకోవడానికి వాడుకున్న ఏడుసార్లనే లెక్కలో, ఎనిమిదోసారి రాకుండా చేసింది నేనే.

అసహ్యం ఎటు పోవాలో తెలీక నాలోనే ఒక చుట్టు తిరిగింది.

పెట్టె తీసుకెళ్ళి వాడి ముందు నేల మీద పెట్టాను. మిగతా ఎముకలన్నీ పొద్దున్నే తుడిచేశాను, తల ఒక్కటే మిగిలింది. నబోర్ పుర్రెను వాడి ఒళ్ళోంచి తీసి దాని పెట్టెలో పెట్టాను. అమ్మ తలను రెండు చేతులతో ఎత్తి వాడి అరచేతుల్లో ఉంచాను. బ్రష్షు ఇచ్చాను.

"ఈ తల నువ్వు తుడువు" అన్నాను.

వాడు తెల్లబోయి చూశాడు. "నేనా? నువ్వుండగా..."

"నువ్వే."

చూస్తాడనుకున్నాను. చేతిలోకి వచ్చాకన్నా తెలుస్తుందనుకున్నాను. పొట్టి నుదురు, వాడి నుదురే అది. లోపలికి ముడుచుకుపోయిన బోసి దవడలు. తెలిస్తే తెలియనీ, అరిస్తే అరవనీ, టీవీవాళ్ళను మళ్ళీ పిలిస్తే పిలవనీ అనుకుని నిలబడ్డాను.

గౌదెన్సియో ముక్కు ఎగబీల్చి, బ్రష్షు పట్టుకుని, నుదుటి మీద దుమ్ము మెల్లగా దులిపాడు. కంటి గుంటల్లో గుడ్డకొనతో తుడిచాడు. చెవులుండాల్సిన చోట తుడిచాడు. కెమెరాల ముందు నబోర్‌ను ఎప్పుడూ ఇంత నిదానంగా తుడవలేదు. తర్వాత నోటి దగ్గర ఆగి వేలితో తడిమాడు.

"అయ్యో బావా" అన్నాడు జాలిగా. "ఒక్క పన్నూ లేదే నీకు. ఐసు కొరికి కొరికి ఊడిపోయాయేమో."

చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

"పొద్దున నోరు జారాను, ఏమీ అనుకోకు బావా" అంటున్నాడు. "మా అక్కని ఒంటరిగా వదిలేశాను. నువ్వున్నావు కాబట్టి సరిపోయింది." అని వంగి ఆ నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. ఒక్కసారే పెట్టుకున్నాడు.

పదకొండేళ్ళు పిలిచిన మనిషి చేతుల్లోకి అమ్మ వచ్చింది. బావా అని పిలిపించుకుంది. ఈ తమ్ముణ్ణి ఇలా తయారుచేసిన పాపంలో నా వాటా ఎంతో నాకు తెలుసు కాబట్టి, నవ్వు రాలేదు. సంచిలోంచి కొత్తబట్ట తీసి ఇచ్చాను. నబోర్ ఉక్ అని నేనే ఎర్రదారంతో కుట్టిన పేరును వాడు పైకి కనపడేలా పరిచి, తలను దాని మీద పెట్టి, ముఖం బయటికి తిప్పాడు.

"ఇలాగేనా అక్కా?"

"ఇలాగే" అన్నాను.

"వచ్చే ఏడు కూడా నేనే తుడుస్తా బావా" అన్నాడు గౌదెన్సియో.

అమ్మ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.